చెంచులక్ష్మి బస్సు దిగేలోగా

ఇంకో గంటలో దిగుతాను బావా అని చెంచులక్ష్మి ఫోన్ పెట్టేసింది. గోడ మీద గడియారం రెండు చూపిస్తోంది, అంటే మూడింటికి నా భార్య ఉదయగిరి బస్టాండులో ఉంటుంది, అక్కడినుంచి నడిచినా పది నిమిషాల్లో ఈ కాలేజీ గేటు దాటుతుంది, ఇంకో రెండు నిమిషాల్లో ఈ ల్యాబులోకి వచ్చి ఈ కుర్చీ పక్కన నిలబడుతుంది. నన్ను లెమ్మని అనదు. ఎప్పుడూ అనలేదు. పక్కన నిలబడి తెర వంక చూస్తుంది, అంతే, నేనే లేస్తాను. అదే నాకు కడుపుమంట. లే బావా, నీకు చేతకాదు అని ఒక్కసారి అని ఉంటే ఎంత హాయిగా పోట్లాడేవాణ్ణి, ఎంత సుఖంగా ఉండేది, పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ సుఖం ఒక్కనాడు కూడా ఇవ్వలేదు మహాతల్లి.

మూడింటిలోపల ఇది అయిపోవాలి. నల్ల తెర మీద తెల్లటి వరసలు పైకి పాకుతున్నాయి, ఒక్కో వరస ఒక్కో ముక్క, కొన్ని వేల ముక్కలు, అన్నీ అతుక్కుంటే నా కెర్నల్ మళ్లీ కొత్తగా తయారవుతుంది, యాభై నిమిషాలు పడుతుందని నా లెక్క, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఎక్కించడానికి అయిదు నిమిషాలు, ఆమె వచ్చేసరికి నేను కాలు మీద కాలేసుకుని టీ తాగుతూ ఉండాలి, ఎందుకొచ్చావు లక్ష్మీ ఇంత ఎండలో, అయిపోయిందే ఎప్పుడో, అనాలి. ఆ మాట ఎలా అనాలో కూడా రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను, రెండోసారి కొంచెం విసుగు కలిపాను, అది బాగుంది. ల్యాబులో ఎవరూ లేరు, పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు, కిటికీలోంచి ఉదయగిరి కొండ ఎండకు తెల్లబడి కనిపిస్తోంది.

ఈ ల్యాబులో పన్నెండు కంప్యూటర్లు, అన్నీ ముసలివి. మార్కెట్లో దొరికే సిస్టమ్ ఏది వేసినా ఆయాసపడేవి, తెరుచుకోవడానికే పది నిమిషాలు తీసుకునేవి. అందుకని ఏడేళ్ల కిందట లినక్స్ అనే ఉచిత సిస్టమ్ మూలం దింపుకుని, అక్కర్లేని భాగాలు ఒక్కొక్కటే తీసేసి, వీటి ఒంటికి సరిపోయేలా నా చేత్తో ఒక కెర్నల్ కట్టాను. కెర్నల్ అంటే ఏందిరా అబ్బయ్యా అని మా అమ్మ దేవకమ్మ అడిగింది, మందకు కాపరి ఎట్లాగో కంప్యూటరుకు అది అట్లాగమ్మా, ఎవరు ముందు నీళ్లు తాగాలో ఎవరు ఎక్కడ మేయాలో అదే చెబుతుంది అన్నాను. అయితే నువ్వు గూడా గొర్లు కాసేవాడివేనన్న మాట, దానికి ఇంత చదువు చదివించినామే అంది. కానీ ఆ మాట నాకు నచ్చింది. ఏడేళ్లుగా నేను ఈ పన్నెండింటి కాపరినే. ఇది నాది, దీన్ని ఎవరూ కట్టివ్వలేదు, ఇందులో ప్రతి ముక్కా నాకు తెలుసు, ఈ ప్రపంచంలో నాది అని చెప్పుకోవడానికి నాకు ఇదొక్కటే ఉంది.

ఇప్పుడది కూడా పోయేలా ఉంది. ఈ ఏడు కాలేజీలో కొత్త కోర్సు పెట్టారు, డ్రోను తీసిన ఫోటోలను అతికించి పొలాల మ్యాపులు చేసే కోర్సు, దానికోసం యాజమాన్యం పన్నెండు గ్రాఫిక్స్ కార్డులు కొన్నది. కార్డు బిగించడం పెద్ద పని కాదు. కార్డుకూ కెర్నల్‌కూ మధ్య మాట కలిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది, అది కెర్నల్ లోపలికి వెళ్లాలి, అది వెళ్లడం లేదు. మూడు రోజులుగా వెళ్లడం లేదు. మొదటిరోజు పాత డ్రైవర్ అడ్డం వస్తోందనుకుని దాన్ని పీకేశాను. రెండోరోజు వెర్షన్లు కలవలేదనుకుని నాలుగు వెర్షన్లు మార్చాను. పొద్దున తీరిగ్గా యంత్రం రాసుకునే లాగ్ అంతా చదివితే అడుగున ఒకే ఒక్క వరస ఉంది, కావలసిన తాళంచెవి అందుబాటులో లేదు, అని. ఆ తాళం వేసింది నేనే, ఆ తాళంచెవి పారేసింది కూడా నేనే. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ సురేంద్రబాబు గారు నా వెనక నిలబడి ఆ వరసే పైకి చదివారు. ఏంది ప్రసాదూ ఇది, తాళంచెవి ఏంది, నాలుగింటిదాకా చూస్తా, కాకపోతే అన్నీ ఫార్మాట్ కొట్టించి మామూలు సిస్టమ్ వేయిద్దాం, మెషిన్లు మెల్లగా నడిస్తే నడవనీ, అన్నారు. బయటికి పోతూ పోతూ, మేడమ్ గారిని ఒకసారి పిలిపించకూడదా అన్నారు. నేను జవాబు చెప్పేలోపలే ఫోన్ తీసి ఆయనే పిలిచి, ఆ వరస అక్షరం పొల్లుపోకుండా ఆమెకు చదివి వినిపించారు. అవతలినుంచి లక్ష్మి ఆ వరస మళ్లీ చదవమందట. తర్వాత, హాఫ్‌డే పెట్టి వస్తాను సార్ అందట.

ఎందుకు మళ్లీ చదవమంది? ఏం అర్థమైంది ఆమెకు?

మేడమ్ గారు. నన్ను ఏడేళ్లుగా ప్రసాదూ అంటున్నాడాయన, ఆమె రెండుసార్లు వచ్చి వెళ్లిందో లేదో మేడమ్ గారు. ఆ మేడమ్ గారు కలిగిరిలో ఇంటర్ చదివేటప్పుడు మౌసు పట్టుకోవడానికి భయపడితే చెయ్యి పట్టుకుని నేర్పినవాణ్ణి నేను. మా మేనమామ కూతురు, వేసవి సెలవులకు మా ఇంటికొస్తే మధ్యాహ్నాలు నా పాత కంప్యూటరు ముందు కూర్చునేది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి, ఇదేంది బావా చెడిపోయిందా అని అడిగింది. చెడిపోలేదు, ఇదే అసలుది, తక్కినవన్నీ దీనికి తొడిగిన చొక్కాలు అన్నాను, ఆ మాటకు నన్ను ఎట్లా చూసిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చూపు కోసమే రోజూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, తెలియనివి కూడా చెప్పేవాణ్ణి. మా పెళ్లికి ఆ చూపే కారణం, జాతకాలు కాదు. ఇప్పుడా చూపు లేదు. ఇప్పుడు నేనేదైనా చెబితే శ్రద్ధగా వింటుంది, మధ్యలో తప్పు చెప్పినా ఆపదు, ఆపకుండా వింటుందే, అక్కడ నాకు తెలిసిపోతుంది తప్పు చెప్పానని. ఏకులా వచ్చి మేకై కూర్చుంది. ఆ మేకు కూడా నేను నూరి ఇచ్చిందే.

రెండున్నర. వరసలు పాకుతున్నాయి. పంఖా కిందికి గాలి రావడం లేదు, యంత్రం లోపలి ఫ్యాను మాత్రం గట్టిగా అరుస్తోంది. ఆమె కట్టిచ్చిన క్యారియర్ తెరవలేదు, తెరిస్తే చింతకాయ పచ్చడి వాసన, దాంతోపాటు ఉదయగిరి చెక్క స్పూను, తను ఇష్టపడి కొన్నది, స్టీలు స్పూనుతో తింటే పచ్చడి రుచి మారుతుందంటుంది. అందులో కూడా ఆమెదే ఒప్పు. నేను పరీక్షగా రెండూ తిని చూశాను, నిజంగానే మారుతుంది.

మా కాపురం ఆత్మకూరులో, అక్కడ ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది, జీతం నాకంటే తక్కువే, అంతవరకూ నాకు ఏ బాధా లేదు. రెండేళ్ల కిందట ఒకనాడు వాళ్లాఫీసు పాత స్కానరు ఆడకపోతే దానికి కారణం వెతుక్కుంటూ వెతుక్కుంటూ లోకమంతా వాడే అసలు లినక్స్ కెర్నల్ లోనే ఒక తప్పు పట్టుకుంది, నాలుగు వరసల సవరణ రాసి పంపింది. ఎవరో ఎక్కడో చదివారు, బాగుందన్నారు, చేర్చుకున్నారు. నాలుగంటే నాలుగే వరసలు. దాని పక్కన ఆమె పేరు, చెంచులక్ష్మి అని, ఆ పేరు ఇప్పుడు లోకంలో లినక్స్ ఉన్న ప్రతిచోటా ఉంది. నేను ఏడేళ్లుగా కట్టుకున్నదాని మీద నా పేరు ఈ పన్నెండు ముసలి యంత్రాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మా అమ్మ ఊరంతా చెప్పుకుంది, మా కోడలి పేరు ప్రపంచంలో పడిందంట అని, అది ఎక్కడ పడిందో ఏమిటో అమ్మకు తెలియదు, అయినా చెప్పుకుంది. శనివారం నేనే కిలో పాలకోవా తెచ్చి వీధిలో అందరికీ పంచాను. పంచుతూ నవ్వాను. అందరూ, నువ్వు నేర్పిన విద్యే గదా పెంచలప్రసాదూ అన్నారు, అవును అన్నాను. ఒక్క కోవా బిళ్ల నోట్లో వేసుకుంటే మింగుడుపడలేదు, పాలు విరిగినట్టు అనిపించింది. కుళ్ళు అంటే ఇదే కాబోలు, తీపి కూడా పులిసిపోవడం.

మరునాడు ఆదివారం. పని ఉందని చెప్పి బస్సెక్కి ఉదయగిరి వచ్చి, కాలేజీ తాళం తీయించుకుని ఇదే కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి ఆమె ఆత్మకూరు నుంచే నెట్‌లో ఈ ల్యాబులోకి వస్తూ పోతూ ఉండేది, నేనే దారి ఇచ్చాను, ప్రింటరు ఆడకపోతే అక్కడినుంచే డ్రైవర్ వేసేది. మేడమ్ ఒక్క నిమిషంలో చేసినారు సార్ అని పిల్లలు నాతోనే చెప్పేవాళ్లు. ఆ ఆదివారం కెర్నల్‌ను మళ్లీ కట్టాను, ఈసారి దానికొక తాళం పెట్టి కట్టాను. నా తాళంచెవితో ముద్ర వేసిన ముక్కలు తప్ప కొత్తది ఏదీ లోపలికి రాకూడదు. భద్రత కోసం అని నాకు నేనే చెప్పుకున్నాను, పిల్లలు ఏవో పిచ్చి ప్రోగ్రాములు ఎక్కిస్తున్నారు గదా. పిల్లలూ లేదు పిచ్చీ లేదు. ఆమె రాకూడదు, అంతే. సాయంత్రం అయిదుకంతా అయిపోయింది. మర్నాడు పొద్దున వచ్చీ రాగానే ఆ తాళంచెవి ఫైలును తుడిచేశాను. ఎందుకు తుడిచానంటే, ఆమె అడిగితే ఇవ్వకుండా ఉండలేను. బావా అది కాస్త ఇవ్వు అంటే నా చెయ్యి దానంతట అదే ఇచ్చేస్తుంది. నా చేతిని నేను నమ్మలేక తుడిచేశాను. అడుగుతుందని వారం చూశాను, నెల చూశాను, ఆమె అడగనేలేదు, ల్యాబులో డ్రైవర్లు వేయడం మాత్రం మానేసింది. గెలిచాననుకున్నాను. ఎవరి మీద గెలిచానో ఆ మనిషికి పోటీ జరిగిన సంగతే తెలియదనుకుని రెండేళ్లు గడిపాను.

మా మందలో జోడిపి జాతి గొర్రె ఒకటి ఇట్లాగే ఉండేది. ఈనిన పిల్ల చచ్చిపోయింది, అదే వారంలో ఇంకో గొర్రె చచ్చి దాని పిల్ల మిగిలింది. తల్లి లేని పిల్లను పిల్ల లేని తల్లి దగ్గర వదిలితే అయిపోతుందనుకుంటాం, కాదు, అది వాసన చూసి తలతో ఒక్క కుమ్ము కుమ్మి తరిమేసింది. పొదుగు సలుపుతున్నా సరే తనది కాని దానికి ఇవ్వదు. అప్పుడు మా అమ్మ ఏం చేసిందంటే, చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికిన పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడిగి దారంతో కట్టింది. గొర్రె మళ్లీ వాసన చూసింది, అట్లాగే నిలబడింది, పిల్ల పాలు తాగింది. మూడు రోజుల తర్వాత తోలు తీసేసినా ఏమనలేదు. పొద్దున నుంచి నేనూ అదే చేసి చూశాను, ఈ డ్రైవర్‌కు పాత డ్రైవర్ పేరు పెట్టాను, పాత వెర్షన్ నంబరు తొడిగాను, దాని ఒంటినిండా పాత వాసనలే పూశాను. నా కెర్నల్ గొర్రె కాదు, మోసపోలేదు. తాళంచెవి ఏదిరా అంది. అంత గట్టిగా కట్టాను మరి. ఒక పక్క గర్వంగా కూడా ఉంది, ఈ దరిద్రపు గర్వం ఒకటి.

రెండూ యాభై. ఇంకాసేపే. కొత్త తాళంచెవితో కొత్త కెర్నల్ అయిపోతుంది, పాత సంగతి ఎవరికీ తెలియదు. ఆమె బస్సు ఊళ్లోకి వచ్చి ఉంటుంది, కిటికీ పక్క సీటు దొరికి ఉంటుంది, ఆమెకు ఎప్పుడూ దొరుకుతుంది. దారిలో ఏం ఆలోచిస్తూ ఉంటుందో. ఒకవేళ బస్సులోనే కారణం కనిపెట్టేసి ఉంటుందా, కనిపెట్టేసే ఉంటుంది, ఆమె బుర్ర ఊరుకోదు, ఇంట్లో కూడా అంతే, టీవీ పక్కన ఏదో చిన్న పెట్టె పెట్టింది ఎప్పుడో, సాయంత్రం ఆరయితే దాని పచ్చదీపం మిణుకుమిణుకుమంటుంది, అదేమిటో నేను అడగను, అడిగితే చెబుతుంది, చెబితే వినాలి, విని బాగుంది అనాలి. ఆరింటికి నేను టీవీ సౌండు పెంచుకుంటాను.

వరసలు ఆగిపోయాయి.

అయిపోయిందనుకుని కుర్చీలో ముందుకు వంగాను. అయిపోలేదు. డిస్కులో చోటు లేదు. చోటెందుకు లేదు, ఇంత డిస్కులో ఏముంది అని చూస్తే నా పాత కెర్నల్ ముక్కలే, ఏడేళ్లలో నేను కట్టిన ప్రతి కెర్నల్‌నూ దాని సమస్త తుక్కుతో సహా దాచుకున్నాను, మొట్టమొదటిది, అసలు పనే చేయనిది కూడా ఉంది. పనికిమాలినవన్నీ దాచుకుని పనికొచ్చేదొక్కటి పారేశాను. గబగబా చెరిపి మళ్లీ మొదలుపెట్టబోయి గడియారం చూశాను. మళ్లీ యాభై నిమిషాలంటే నాలుగవుతుంది, నాలుగింటికి సురేంద్రబాబు గారు వస్తారు, ఆమె అయితే ఇప్పుడే వస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ శీనయ్య గొంతు వినబడింది, రాండమ్మా రాండి, సారు లోపలుండాడు, అంటున్నాడు. నాకు ఇంత ప్రేమగా ఒక్కనాడు గేటు తీయలేదు వాడు.

లక్ష్మి వచ్చింది. మొహమంతా చెమట, భుజాన బ్యాగు. తెర వంక చూడకుండా ముందు క్యారియర్ వంక చూసింది.

"అన్నం తినలేదేంది బావా?"

"తింటాలే. డిస్కు నిండింది. లేకపోతే ఈపాటికి అయిపోయేదే."

ఆ మాట నేను అనుకున్న విసుగుతోనే వచ్చింది కానీ పనిచేయలేదు. ఆమె కుర్చీ పక్కన నిలబడింది. నేను లేవబోయాను. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది, బ్యాగులోంచి తువ్వాలులో చుట్టిన చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పచ్చదీపం పెట్టె. దాన్ని నా యంత్రానికి తనే తగిలించింది, తేదీల వారీగా ఫోల్డర్లు తెరుచుకున్నాయి, అన్నీ నెట్‌లో వచ్చిన ఈ ల్యాబు ఫైళ్ల కాపీలే, రోజుకొకటి, ప్రతిదీ సాయంత్రం ఆరింటిది. రెండేళ్ల కిందటి ఒక ఆదివారం దగ్గర ఆమె వేలు ఆగింది. పాలకోవా పంచిన మరునాడు. అందులో నా తాళంచెవి ఉంది. అయిదింటికి తయారై, ఆరింటికి కాపీ అయి, మర్నాడు పొద్దున నేను తుడిచేసేదాకా ఆగకుండా ఆత్మకూరు చేరిపోయింది.

ఇద్దరం ఆ తేదీని చూశాం. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఇది ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా?"

"ఉండాది. ఆ సోమవారమే ల్యాబులోకి ఒక డ్రైవర్ వెయ్యబోతే రానీలేదు. ఏమైందో ఏమోనని కాపీలు ఎతికితే కనబడింది."

"మరి వాడలేదే?"

"నువ్వు తలుపేసుకుంటే నేను మారుతాళం తీసుకోని వస్తానా బావా?"

పొద్దునే ఫోన్లో పంపి ఉంటే అయిపోయేది గదా, ఇంత ఎండలో బస్సెక్కడం ఎందుకు అన్నాను.

"తాళంచెవి ఎవరికీ ఫోన్లో పంపబాక అని నువ్వే గదా నేర్పించినావు, నేను కలిగిరిలో చదివేటప్పుడు," అంది. "నువ్వే ముద్రేసుకో. నేను పోయి మొహం కడుక్కోని వస్తా."

వెళ్లిపోయింది, నిజంగానే వెళ్లిపోయింది, వెనక్కి చూడలేదు. నేను ముద్ర వేశాను. డ్రైవర్ లోపలికి వెళ్లింది, కెర్నల్ ఒక్క మాట అనలేదు, తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది, పిల్లలు తీసిన డ్రోను ఫోటో తెరిచాను, కొండా కోటా కింద పొలాలూ ఒక్క గుక్కలో తెర నిండా పరుచుకున్నాయి. ఎంత బాగుందో. నేను సంతోషించాల్సిన నిమిషం అది, నేనేమో రెండేళ్లు అనే మాటనే నములుతున్నాను. రెండేళ్లు చేతిలో తాళంచెవి పెట్టుకుని తలుపు తీయకుండా ఉంది. నేనైతే ఉండగలనా, వారం ఉండేవాణ్ణి కాదు. నాలుగు వరసలకు కుళ్ళుకున్నాను, మేడమ్ గారికి కుళ్ళుకున్నాను, ఇప్పుడు ఈ ఓర్పుకు కుళ్ళుకుంటున్నాను, ఇది ఎక్కడా ఏ పుస్తకంలోనూ లేదు, ఇది మాత్రం నేను నేర్పింది కాదు.

నాలుగింటిదాకా ఆగకుండా మూడున్నరకే సురేంద్రబాబు గారు వచ్చారు, ఆయన వెనకే లక్ష్మి, తడి మొహం కొంగుతో తుడుచుకుంటూ. ఆయన తెర చూసి, చేసేసినారా మేడమ్ అన్నారు ఆమెతో.

"నేనేం చేసినాను సార్," అంది లక్ష్మి. "ఆయనే చేసినాడు. తాళంచెవి ఇంట్లో మర్చిపోయి వచ్చినాడు, తెచ్చిచ్చినా, అంతే."

ఎంత సులువుగా చెప్పింది. సురేంద్రబాబు గారు నా భుజం తట్టి, నువ్వుండగా మాకేంది ప్రసాదూ, నీ సిస్టమ్ ఇట్లాగే ఉండనీ అన్నారు. ఏడేళ్లుగా వినాలనుకున్న మాట అది. అది ఆమె దయ మీదుగా నడిచి వచ్చింది నా దగ్గరికి. ఒక్కదాంట్లో, ఈ ఒక్కదాంట్లోనైనా ఆమెను దాటాలనిపించింది, ఆమె చేయలేనిది ఏదైనా ఒకటి చేయాలనిపించింది, వెతికితే నా దగ్గర ఒకటే దొరికింది.

"మర్చిపోలేదు సార్," అన్నాను. "పారేసినాను. ఈమె ఇందులోకి రాకూడదని నేనే తాళమేసి, కావాలనే పారేసినాను. ఈమె దాచింది."

సురేంద్రబాబు గారు నా మొహం చూశారు, ఆమె మొహం చూశారు, ఫోన్ మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచారు. లక్ష్మి నా వైపు తిరిగింది. చాలాసేపు నన్నే చూసింది. నల్ల తెర ముందు, వేసవి మధ్యాహ్నం, ఇదే అసలుది అని నేను చెప్పిన రోజు చూసినట్టే చూసింది. తర్వాత క్యారియర్ మూత తీసి, పచ్చడి కలిపి, చెక్క స్పూను నా చేతిలో పెట్టింది.

"తిను," అంది. "తిన్నాక ఇంకో కాపీ చేసుకో. ఈసారి పారెయ్యబాక."